టికెట్ ఉన్నంత దూరం

మల్కాజ్‌గిరిలో ఆనంద్‌బాగ్ దగ్గర దిగి శ్యామలమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మొన్నమొన్నటిదాకా దాన్ని కండక్టరమ్మ ఇల్లు అనేవాళ్లు. ఇప్పుడు కొరియా పోయొచ్చిన కండక్టరమ్మ ఇల్లు అంటున్నారు. ఆమె కొరియాలో ట్యాక్సీ ఎక్కి నడిమధ్యలో దిగిపోయిన సంగతిని ఆ వీధిలో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. ట్యాక్సీవాడు మోసం చేశాడని కొందరు, వానలో దారి తప్పిందని కొందరు. అసలు జరిగింది వేరు. అది అర్థం కావాలంటే ముందు శ్యామలమ్మ ఎలాంటి మనిషో తెలియాలి.

ఆమె సిటీ బస్సులో కండక్టరుగా చేరేనాటికి ఆ ఉద్యోగంలో ఆడవాళ్లు చాలా తక్కువ. చీర మీద ఖాకీ కోటు, భుజాన తోలు సంచి, చేతిలో టికెట్ల ట్రే. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు కదిలేటప్పుడు ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు ఆమెను చూసి నవ్వుకునేవారు. శ్యామలమ్మ వాళ్లతో వాదించేది కాదు, గొంతు పెంచేది కాదు. బస్సు ఆపించి, వాళ్లు లోపలికి వచ్చేదాకా రైట్ చెప్పకుండా నిలబడేది. ఆఫీసుకు ఆలస్యమవుతున్న మిగతా ప్రయాణికులే వాళ్లను చొక్కా పట్టుకుని లోపలికి లాగేవారు. నెల తిరిగేసరికి ఆ కుర్రాళ్లు ఆమె బస్సు అని తెలిస్తే చెప్పకుండానే పైకెక్కడం నేర్చుకున్నారు.

భర్త వీరయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తక్కువ మాటల మనిషి. భార్యకు పొద్దుటి డ్యూటీ పడితే ఆయనే లేచి అన్నం వండి, కూతురు రజితకు జడ వేసి బడికి పంపేవాడు. మగవాడివి జడ వేయడమేమిటని పక్కింటివాళ్లు ఆటపట్టిస్తే, బోల్టు బిగించడం కన్నా సులువే అని ఊరుకునేవాడు.

ఉద్యోగంలో శ్యామలమ్మది ఒకటే పద్ధతి. ఎక్కిన ప్రతి మనిషికీ టికెట్ ఉండాలి. టికెట్ ఉన్నంత దూరమే ప్రయాణం. సాయంత్రం డిపోలో లెక్క అప్పజెప్పేటప్పుడు తక్కువ వస్తే అది కండక్టరు జేబులోంచే పోతుంది. అందుకని జాలిపడి వదిలేసిన టికెట్టును కూడా ఎవరో ఒకరు కట్టాల్సిందేనని కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేది. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన తర్వాతా ఆమె మారలేదు. రద్దీలో ఎంత ఇబ్బందైనా ప్రతి ఆడమనిషి దగ్గరికీ వెళ్లి, ఆధార్ చూసి, జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టేది. ఫ్రీయే కదా, టికెట్ ఎందుకమ్మా అని ఎవరైనా విసుక్కుంటే, మీరు ఈ బస్సులో పోతున్నట్టు లెక్కలో ఉండాలి గద అనేది.

రిటైరైన రోజున డిపోలో శాలువా కప్పి, పూలదండ వేసి పంపారు. మర్నాటి నుంచి ఆమెకు ఏమీ తోచలేదు. అన్నేళ్లు నిలబడి పనిచేసిన కాళ్లు, కూర్చోబెట్టేసరికి వాచిపోయాయి. రోజూ నడవమని డాక్టరు చెప్పడంతో పొద్దున్నే లాలాగూడ రైల్వే గ్రౌండుకు పోవడం షురూ చేసింది.

అక్కడే యేసురాజు ఆమెను చూశాడు. సైన్యంలో అథ్లెటిక్స్ కోచ్‌గా చేసి రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్న మనిషి. పొద్దున్నే స్కూటరు మీద వచ్చి రైల్వే పిల్లలకు పరుగు నేర్పుతుంటాడు. చీర కింద బూట్లు వేసుకుని, అందరినీ దాటుకుంటూ పోతున్న ఈ పెద్దావిడను ఆయన రెండు మూడు రోజులు గమనించాడు. ఆమె పైభాగం కదలదు. నడుము నుంచి కింద మాత్రమే చక్రంలా తిరుగుతుంది. ఇట్లా నడవడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని అడిగితే ఆమెకు నవ్వొచ్చింది. ఊగే బస్సులో, రెండు చేతుల్లో టికెట్లూ డబ్బులూ పెట్టుకుని, రాడ్ పట్టుకోకుండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిరిగే మనిషికి కాళ్లు అలాగే పడతాయి మరి.

రేస్ వాకింగ్ అనే పోటీ ఒకటి ఉంటుందని యేసురాజు చెప్పినప్పుడే ఆమెకు తెలిసింది. అందులో పరుగెత్తకూడదు. ఒక పాదం నేలను తాకాకే రెండోది లేవాలి. ముందుకు పడిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. తప్పితే జడ్జీలు బయటికి పంపేస్తారు. అరవై దాటినవాళ్లకు కూడా విడిగా పోటీలున్నాయి. శ్యామలమ్మ ఆ మాట ఇంట్లో చెబితే వీరయ్య మారు మాట్లాడకుండా మర్నాడు మోండా మార్కెట్‌కు పోయి ట్రాక్ ప్యాంటు కొనుక్కొచ్చాడు. పొడుగు ఎక్కువైతే తనే కత్తిరించి కుట్టాడు.

మొదటి ఏడాది రాష్ట్ర పోటీల్లో గెలిచింది. రెండో ఏడాది జాతీయ పోటీల్లో రెండో స్థానం వచ్చింది. దాంతో దక్షిణ కొరియాలో జరిగే ఆసియా వెటరన్ల పోటీలకు పేరు వెళ్లింది. ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. రిటైర్మెంట్ పైసలు నడవడానికి తగలేస్తావా, అదే డబ్బుతో కాశీ పోయి రావచ్చు కదా అని చుట్టాలు వరుసగా ఫోన్లు చేశారు. ఆమె కూడా కాస్త వెనకాముందాడింది. అన్నీ వింటున్న వీరయ్య టీ గ్లాసు కింద పెట్టి ఒక్కటే మాట అన్నాడు.

"నీ పైసలు, నీ కాళ్లు. పోయి రా."

ప్రయాణానికి తోడు దొరికింది. మాధురి అని, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆమె, సైనిక్‌పురిలోనే ఉంటుంది. జావెలిన్ విసురుతుంది. శ్యామలమ్మ కన్నా నాలుగైదేళ్లు చిన్నది, విదేశాలు చాలా తిరిగింది. కొరియాలో టీ కొట్టు నుంచి ట్యాక్సీ దాకా అన్నిచోట్లా కార్డే నడుస్తుందని, నోట్లు ఎక్కువ మార్చుకోవడం దండగని చెప్పింది. బేగంపేటలో ఉద్యోగం చేసే రజిత కూడా అదే మాట అని, తల్లి చేత బ్యాంకు కార్డు తీయించి, తన ఫోన్లో ఏవేవో నొక్కి, విదేశంలో పనిచేసేలా పెట్టానంది. మన దగ్గరిలా గోడకు అంటించిన కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే అక్కడ కుదరదని, ట్యాక్సీలో కార్డును మిషన్‌కు తాకిస్తే చాలని రెండుసార్లు చేసి చూపించింది.

శ్యామలమ్మకు మనసొప్పలేదు. చేతిలో నోటు ఆడకపోతే తనకు చేతులే లేనట్టుంటుందని గొణిగింది. చివరికి విమానాశ్రయంలో కొద్దిపాటి కొరియా డబ్బు మార్చుకుంది. వాళ్ల నోట్ల మీద అంకెలు పెద్దవి. వేలల్లో ఉంటాయి గానీ, పెద్దగా ఏమీ రాదు. వెంట తెచ్చుకున్న డాలర్లను హోటల్ గది లాకర్లో పెట్టి తాళం వేసింది.

పోటీ రోజు పొద్దున మాధురి జావెలిన్ ముందే ఉండటంతో ఆమె మొదటి బస్సుకే స్టేడియానికి వెళ్లిపోయింది. శ్యామలమ్మ నడిచేది మధ్యాహ్నం. క్రీడాకారుల కోసం పెట్టిన రెండో బస్సు ఎంతకూ రాలేదు. బయట సన్నగా వాన, చలి. వాన వల్ల ఆ బస్సు ఇంకో హోటల్ దగ్గర ఆగిపోయిందని కౌంటరులో ఉన్న అమ్మాయి ముక్కల ఇంగ్లీషుతోనూ సైగలతోనూ చెప్పి, ట్యాక్సీ పిలిచింది. ఎంతవుతుందని అడిగితే ఇరవై వేలు కావచ్చని కాగితం మీద రాసి చూపింది. శ్యామలమ్మ దగ్గర ఉన్నవి పదిహేను వేలు. పైకి వెళ్లి లాకరు తెరుద్దామా అనుకునేలోపే ట్యాక్సీ గుమ్మం ముందుకు వచ్చేసింది. కార్డుంది కదా అనుకుని, ఎక్కే ముందు దాన్ని డ్రైవరుకు చూపించింది. ఆయన తలూపాడు.

డ్రైవరు డెబ్బై ఏళ్ల పెద్దాయన. చేతులకు తెల్లటి తొడుగులు, మెడలో నల్ల టై. బండి అద్దంలా ఉంది. ఇంతకాలం ఇతరుల దగ్గర టికెట్ పైసలు తీసుకున్న మనిషికి, వెనక సీట్లో ఒక్కతే కూర్చుని మీటరు తిరగడం చూస్తుంటే ఏదోలా అనిపించింది. ఆమె లోకంలో ముందు టికెట్, తర్వాత ప్రయాణం. దిగేటప్పుడు డబ్బివ్వడం ఏం పద్ధతో ఆమెకు అర్థం కాలేదు. కాసేపు ఓర్చుకుంది. ఒక పెద్ద సిగ్నల్ దగ్గర బండి ఆగేసరికి ఇక ఉండబట్టలేక, కార్డు పని చేస్తుందో లేదో ఒక్కసారి చూద్దామని ఫోన్లో చెప్పబోయింది.

ఆ ఫోన్లో మన మాట వాళ్ల భాషలోకి, వాళ్ల మాట మన భాషలోకి మార్చే సదుపాయాన్ని రజిత పెట్టిచ్చింది. జెర కార్డు సూడుండ్రి అని శ్యామలమ్మ అంటే దానికి బోధపడలేదు. ఏదో కూసింది. డ్రైవరు అయోమయంగా వెనక్కి తిరిగాడు. ఆమె గొంతు సవరించుకుని, బడిపుస్తకంలోని పాఠం అప్పజెప్పినట్టు, దయచేసి నా కార్డు పరీక్షించండి అని పలికింది. అప్పుడు ఫోను చక్కగా కొరియన్ మాట్లాడింది.

ఆయన నవ్వి, కార్డు తాకించడానికి మాత్రమే వీలున్న చిన్న మిషన్ వెనక్కి చాపాడు. ఆమె కార్డు తాకించింది. మిషన్ ఎర్రగా మెరిసి కీచుమంది. మళ్లీ తాకించింది. మళ్లీ అంతే. పెద్దాయన తన తొడుగుతోనే కార్డును తుడిచి, తనే తాకించి చూశాడు. ఫలితం లేదు. పచ్చ లైటు పడింది. వెనక బండ్లు కదిలాయి. కారు ముందుకు పోతోంది, మీటరు కూడా పోతోంది. అప్పటికి తొమ్మిది వేలు దాటింది.

మాధురికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. గ్రౌండులో ఉండి ఉంటుంది. శ్యామలమ్మ బ్యాగులోంచి నోట్లు తీసింది. ఆకుపచ్చ పదివేల నోటు ఒకటి, ఐదు వేలది ఒకటి. వాటిని ఒళ్లో పెట్టుకుని మీటరు వంక చూస్తూ కూర్చుంది. మిగతాది తర్వాత ఇస్తానని చెప్పొచ్చు. స్టేడియం దగ్గర ఎవరినైనా అడిగి ఇప్పించొచ్చు. కానీ ఆయన ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి? ఆమె లోపలికి పోయి మాధురిని వెతికి తెచ్చేదాకా ఆయన వేరే బేరం వదులుకుని కూర్చోవాలి.

ఆమె కంగారు అద్దంలో చూసిన డ్రైవరు తన ఫోన్ తీసి ఏదో మాట్లాడాడు. ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు తెలుగులో, వార్తలు చదివినట్టు పలికింది.

"దయచేసి ఆందోళన చెందవద్దు. మీరు క్రీడాకారిణి. మిగిలిన సొమ్ము అవసరం లేదు. మిమ్మల్ని గమ్యస్థానం వరకు చేర్చుతాను."

ఆ మాట వినగానే శ్యామలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరు కాని ఊళ్లో, భాష తెలియని మనిషి అంత మంచి మాట అన్నాడు. సరే అని కూర్చుంటే అయిపోయేది. కానీ ఆమెకు అప్పుడు లచ్చమ్మ గుర్తొచ్చింది.

లచ్చమ్మ మోండా మార్కెట్‌లో ఆకుకూరలు కొని మల్కాజ్‌గిరి కాలనీల్లో అమ్ముకునేది. గంపతో రోజూ శ్యామలమ్మ బస్సే ఎక్కేది. చేతిలో పైసలు తక్కువున్న రోజు మెట్టుగూడ దాకానే టికెట్ అడిగేది. అక్కడ దిగి, గంప నెత్తిన పెట్టుకుని, మిగతా దారి నడిచేది. ఒకనాడు బాగా ఎండగా ఉంటే, ఉండు లచ్చమ్మా, మిగతాది నేను వేస్తానని శ్యామలమ్మ అంది. లచ్చమ్మ ఒప్పుకోలేదు.

"ఒక్కనాడు ఊకె కూసుంటే రోజూ కూసోబుద్దైతది బిడ్డా. నా టికెట్ అయిపోయింది, దిగుతా."

అప్పట్లో శ్యామలమ్మకు అది మొండితనంగా తోచింది. కానీ దిగి నడిచిపోతున్న లచ్చమ్మను వెనక అద్దంలోంచి చూస్తే ఆమె మెడ వంచలేదు. నెత్తిన గంప ఉన్న మనిషి మెడ వంచదు అనుకోవచ్చు. గంప లేనప్పుడూ లచ్చమ్మ అలాగే నడిచేది.

మీటరు పద్నాలుగు వేలు దాటింది. ఈ పెద్దాయన కూడా సాయంత్రానికి ఎవరికో లెక్క చెప్పుకోవాల్సిన మనిషే అయి ఉంటాడు. ఆయన జాలి ఆయన జేబులోంచే పోతుంది. ఆ సంగతి శ్యామలమ్మకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆమె ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"అయ్యా, మీకు కృతజ్ఞతలు. నేను బస్సు కండక్టరును. నా టికెట్ ఇక్కడి వరకే. దయచేసి బండి ఆపండి. నేను నడవగలను. నా పోటీ కూడా నడకే."

ఫోను ఆ మాటలన్నీ కొరియన్‌లో చెప్పేసరికి పెద్దాయన అద్దంలో ఆమెను చూసి తలూపాడు. తర్వాత బండి పక్కకు తీసి ఆపాడు. మీటరు పదిహేను వేలకు ఇంకా కొద్దిగా తక్కువే ఉంది. ఆమె రెండు నోట్లూ రెండు చేతులతో అందించింది. ఆయన కూడా రెండు చేతులతోనే అందుకుని, మిగిలిన చిల్లర నాణేలు జాగ్రత్తగా లెక్కపెట్టి ఆమె అరచేతిలో పెట్టాడు. చిల్లర వద్దని ఆమె అనలేదు. అది ఆమెకు రావలసింది.

ఆయన కిందికి దిగి, వానలోనే నిలబడి దారి చూపించాడు. కాలువ గట్టు వెంబడి తిన్నగా పోతే, వంతెన దాటాక స్టేడియం దీపాలు కనిపిస్తాయి. మూడు కిలోమీటర్లుంటుంది. తర్వాత డిక్కీ తెరిచి, పారదర్శకంగా ఉన్న పలుచటి వానకోటు ఒకటి తీసిచ్చాడు. శ్యామలమ్మ దాన్ని వెంటనే తీసుకుంది. ఛార్జీ వేరు, మనిషికి మనిషి ఇచ్చేది వేరు. దాన్ని తొడుక్కుని ఆయనకు రెండు చేతులూ జోడించింది. ఆయన నడుము దాకా వంగి నమస్కరించాడు. వయసులో తనకన్నా పెద్దవాడు తనకు అలా వంగేసరికి ఆమెకు సిగ్గేసింది. మారుగా తనూ వంగింది. వానలో ఇద్దరూ అలా ఒకరికొకరు వంగి, నవ్వుకుని, ఎవరి దారిన వాళ్లు కదిలారు.

ఎక్కడికి పోవాలన్నా ఒక గంట ముందే బయల్దేరే అలవాటు ఆమెకు డిపో నేర్పింది. అందుకే ఇప్పుడూ టైము చేతిలో ఉంది. కాలువ గట్టు నున్నగా, మనుషులు లేకుండా ఉంది. మొదట్లో చలికి పళ్లు కొట్టుకున్నాయి. కొంత దూరం పోయాక ఒంట్లో వేడి పుట్టింది. చేతులు వాటంతటవే లయలో పడ్డాయి. మనసులో ఉన్న పరేషాన్ అంతా ఎక్కడో జారిపోయింది. ఎవరికీ బాకీ లేదు. వెనక ఎవరూ ఎదురుచూస్తూ కూర్చోలేదు. వంతెన మీదికి ఎక్కేసరికి వాన సన్నబడింది. దూరంగా స్టేడియం దీపాలు వెలుగుతున్నాయి.

గేటు దగ్గర మాధురి గొడుగు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తుంటే వానకోటు లోపలి ఫోను శ్యామలమ్మకు వినిపించనే లేదు. జరిగిందంతా విని మాధురికి కోపమొచ్చింది. పోటీకి ముందు ఎవరైనా మూడు కిలోమీటర్లు నడుస్తారా, ఆయనే దింపుతానంటే ఇంత పట్టింపు దేనికి అక్కా అని మందలించింది. అంతలోనే, నోట్లు ఎక్కువ మార్చుకోవద్దన్నది తానేనని గుర్తొచ్చి మెత్తబడింది. శ్యామలమ్మ చేతులు పట్టుకుని చూస్తే వెచ్చగా ఉన్నాయి. మిగతా పోటీదారులంతా గుడారం కింద దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నారు.

పోటీ ఐదు కిలోమీటర్లు. స్టేడియం చుట్టూ పన్నెండున్నర రౌండ్లు. జపాన్, కొరియా, మంగోలియా, శ్రీలంక నుంచి వచ్చిన ఆడవాళ్లు, అందరూ అరవై దాటినవాళ్లే. పిస్తోలు పేలగానే జపాన్ ఆమె బాణంలా ముందుకు పోయింది. ఆమె వెనక ఇద్దరు కొరియావాళ్లు. శ్యామలమ్మ వాళ్లను చూడలేదు. యేసురాజు చెప్పినట్టు తన పాదాల మీదే ధ్యాస పెట్టింది. సగం దూరం దాటాక శ్రీలంక నుంచి వచ్చినామె పక్కగా వచ్చి తనను దాటబోయింది. దాంతో శ్యామలమ్మ కూడా వేగం పెంచింది. వెంటనే మలుపులో నిలబడ్డ జడ్జి పసుపు పలక చూపించాడు. పాదం నేలను వదులుతోందని హెచ్చరిక.

ఆమె వేగం తగ్గించుకుంది. శ్రీలంక ఆమె దాటిపోయింది. పోతే పోనీ అనుకుంది శ్యామలమ్మ. కిక్కిరిసిన బస్సులో సడన్ బ్రేకు పడినా కాలు నేల మీద నిలుపుకోగలిగినదాన్ని, ఈ నున్నటి ట్రాక్ మీద నిలుపుకోలేనా అని పళ్లు బిగించింది. ఒక్కో అడుగూ నేలకు ఒత్తి వేసింది. తొందరపడినవాళ్లు మెల్లగా వెనకబడసాగారు. రెండు రౌండ్లుండగా కొరియావాళ్లలో ఒకామె పక్క పట్టుకుని కూలబడింది. ఆఖరి రౌండులో శ్రీలంక ఆమె భుజాలు ఊగిపోతున్నాయి. శ్యామలమ్మ ఆమెను మలుపులో దాటింది. వెనక్కి చూడకుండా గీత తొక్కింది.

మూడో స్థానం. జడ్జీలు కాగితాలన్నీ చూసుకుని ఫలితం ప్రకటించేదాకా ఆమె నమ్మలేదు. మెడలో కంచు పతకం, భుజాన మువ్వన్నెల జెండా, కాళ్ల కింద తడి నేల. మాధురి ఫొటోలు తీస్తూ ఏడుస్తోంది. శ్యామలమ్మకు ఏడుపు రాలేదు. వెన్ను నిటారుగా పెట్టి నిలబడింది. తన పేరును మైకులో వంకరటింకరగా పలికినా, అది తన పేరే.

సాయంత్రం హోటల్ నుంచి ఇంటికి ఫోన్ చేసింది. పతకం మాట చెప్పి, తర్వాత ట్యాక్సీ మాట చెప్పింది. రజిత ఫోన్లో ఏదో వెతికి ఒక్కసారిగా గొంతు తగ్గించింది. షాపులకూ ఏటీఎంకూ విదేశీ వాడకం ఆన్ చేసింది గానీ, తాకించి కట్టే దానికి ఇంకో మీట ఉందని, దాన్ని మరిచిపోయిందని తెలిసింది. నా వల్లే నువ్వు వానల నడిచినవమ్మా అని ఏడుపు గొంతుతో అంది.

"నడిచినందుకే ఒళ్లు వేడెక్కింది బిడ్డా. ఏడ్వకు. ఆ మీటేదో ఇప్పుడు నొక్కు. ఎల్లుండి ఎయిర్‌పోర్టుకు అదే కార్డుతోని పోతా."

అన్నట్టే పోయింది. మాధురి తన కార్డు తీయబోతే ఆపి, ఎక్కగానే డ్రైవరుకు కార్డు చూపించి, ముందే మిషన్ పరీక్షించమని పుస్తకాల తెలుగులో అడిగింది. దిగేటప్పుడు తాకిస్తే మిషన్ పచ్చగా వెలిగింది. అంతటితో ఊరుకోలేదు. కాగితం కావాలని వేలితో గాల్లో గీసి చూపించింది. డ్రైవరు రసీదు చింపి ఇచ్చాడు. భాష రాకపోయినా అందులో అంకెలు చదివి, తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, మడిచి పర్సులో పెట్టుకుంది. మాధురి పగలబడి నవ్వింది. ఎన్నేళ్లు ఇంకొకరికి టికెట్ ఇచ్చినా, ఉద్యోగంలో చేరాక తానే ఛార్జీ కట్టి చేతికి తీసుకున్న టికెట్ ఇదే మొదటిదని శ్యామలమ్మ చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు స్టాఫ్ పాసు, రిటైరయ్యాక ఉచితం. నిజమే కదా అనుకుంది మాధురి.

సికింద్రాబాద్ తిరిగొచ్చాక డిపోవాళ్లు పిలిచి సన్మానం చేశారు. ఈసారి శాలువా కప్పింది మేనేజరు కాదు. తను పని నేర్పిన పిల్లలే, ఇప్పుడు సీనియర్లైన ఆడ కండక్టర్లు, నలుగురు కలిసి కప్పారు. మాట్లాడమంటే ఆమెకు ప్రసంగాలు రావు. పతకం చేతికిచ్చి అందరినీ చూడమంది. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి డిపో అంతా తిరిగింది. మెకానిక్ షెడ్డులో గ్రీజు చేతులతో ఒకాయన ముట్టుకోవడానికి వెనకాడితే, కంచే గద, కడిగితే పోతది, పట్టుకో అంది. ఇప్పుడు రైల్వే గ్రౌండులో ఆమె వెంట ఐదారుగురు కండక్టరమ్మలు నడుస్తున్నారు. డ్యూటీ మారితే నడిచే వేళ మారుతుంది గానీ నడక ఆగదు. యేసురాజు అందరికీ బూట్లు సరిగా ఉన్నాయో లేదో చూస్తాడు.

వచ్చే పోటీలు ఇంకో దేశంలో. అక్కడికి తానూ వస్తానని వీరయ్య అన్నప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ ఆయన ముఖం వంక చూశారు. తిరుపతి దాటి ఎక్కడికీ పోనన్న మనిషి. ఒక్కడే పోయి ఫొటో దిగి, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టి వచ్చాడు. వారం తిరిగాక పోలీసు స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఒకతను విచారణకు ఇంటికొచ్చాడు. పేరు, ఊరు, పాత ఉద్యోగం అన్నీ అడిగి, ఈ వయసులో ఏ పని మీద పోతున్నరు పెద్దాయనా అన్నాడు.

వీరయ్య కుర్చీలో కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మా ఇంటామె నడుస్తది సార్," అన్నాడు. "చూడనీకి పోతున్న."